చుక్క, అరుగు, గంప: ఇంగ్లీషు చిన్న మాటలు సరిగ్గా పెట్టడం ఎట్లా

నల్గొండలో క్లాక్ టవర్‌కు దగ్గర్లో నాకొక చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా అదే నా బతుకుదెరువు. లీవ్ లెటర్లు, బయోడేటాలు, కిరాయి అగ్రిమెంట్లు, కలెక్టరేట్‌లో పెట్టుకునే దరఖాస్తులు, ఈ మధ్య విదేశాలకు పోయే పిల్లల కాగితాలు కొడుతుంటా. కొందరు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో కొట్టియ్యమంటారు. కొందరు ఇంగ్లీషులో రాసుకొనే తెస్తారు. వాళ్ల రాతలో స్పెల్లింగ్ తప్పితే కంప్యూటరే ఎర్రగీత గీస్తుంది. కానీ ‘ఆన్ మై నేమ్’ అని రాస్తే మూడు మాటలకూ స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి గీత పడదు. కాగితం మాత్రం తప్పుగానే పోతుంది.

నేను చదివింది పదో తరగతి వరకు తెలుగు మీడియం, హాలియా దగ్గర మా ఊళ్లో. ఇన్, ఆన్, ఎట్, ఫర్, ఫ్రమ్ లాంటి ప్రిపొజిషన్లను నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒక్కో కాగితం కొడుతూ, తప్పులు దిద్దుతూ, డిక్షనరీ తిరగేస్తూ పట్టుకున్నవే. తెలుగులో ఆలోచించేవాళ్లకు ఇవి ఎక్కడ తప్పుతాయో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నాకూ అక్కడే తప్పేవి. వాటిని ఎట్లా సరిచేసుకోవాలో చెప్తా.

‘లో’ అంటే ఇన్ కాదు

బడిలో విభక్తులు పాడుకున్నాం కదా. డు, ము, వు, లు ప్రథమా విభక్తి. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి. అట్ల సంబోధన వరకు మొత్తం ఎనిమిది. మన విభక్తి మాట వెనక అతుక్కుంటుంది, ఇంగ్లీషు ప్రిపొజిషన్ మాట ముందు నిలబడుతుంది. ఈ తేడాతో పెద్ద కష్టమేమీ లేదు, నెల రోజుల్లో అలవాటైపోతుంది. అసలు చిక్కు వేరే ఉంది. మన ఒక్క విభక్తి చేసే పనిని ఇంగ్లీషులో నలుగురైదుగురు పంచుకుంటారు.

‘లో’నే చూడండి. నాన్న పొలంలో ఉన్నాడంటే ‘ఇన్ ది ఫీల్డ్’. బస్సులో ఉన్నాడంటే ‘ఆన్ ది బస్’. పెళ్లిలో ఉన్నాడంటే ‘ఎట్ ది వెడ్డింగ్’. పేపర్లో చదివానంటే ‘ఇన్ ది పేపర్’, టీవీలో చూశానంటే ‘ఆన్ టీవీ’, ఫోన్లో చెప్పానంటే ‘ఆన్ ది ఫోన్’. తెలుగులో అన్నిటికీ ఒకటే ‘లో’. బడిలో పలక మీద ‘లో = ఇన్’ అని రాసుకున్న రోజే మనకు తప్పు మొదలైంది. అందుకని నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదట చెప్పేది ఇదే. విభక్తిని ఇంగ్లీషులోకి మార్చకండి. ముందు ఆ సంగతి ఎట్లా ఉందో కళ్ల ముందు బొమ్మ చూడండి. బొమ్మను బట్టి మాట పెట్టండి.

ఆ బొమ్మకు నేను పెట్టుకున్న గుర్తులే చుక్క, అరుగు, గంప. ముగ్గు వేసేటప్పుడు పెట్టే చుక్కకు లోపల, పైన అనేవి ఉండవు. అది ఒక గుర్తు మాత్రమే. దానికి ఎట్. ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటాం, నిలబడతాం, నడుస్తాం. దానికి ఆన్. గంపలో పెడితే చుట్టూ అంచు ఉంటుంది, వస్తువు లోపల ఉంటుంది. దానికి ఇన్.

ఇప్పుడు బస్సు సంగతి. బస్సు ఎక్కాక దానిలో నిలబడొచ్చు, ముందు నుంచి వెనక్కి నడవొచ్చు. కదిలే అరుగు అన్నమాట. రైలు, విమానం కూడా అంతే. అందుకే ‘ఆన్ ది బస్, ఆన్ ది ట్రైన్’. ఆటోలో, కారులో నిలబడలేం, వంగి దూరి కూర్చోవాలి. అవి గంపలు. అందుకే ‘ఇన్ ది ఆటో, ఇన్ ది కార్’. ఎక్కడం, దిగడం కూడా దీన్ని బట్టే మారతాయి. బస్సుకు ‘గెట్ ఆన్, గెట్ ఆఫ్’, ఆటోకు ‘గెట్ ఇంటూ, గెట్ ఔట్ ఆఫ్’. మోటర్ సైకిల్ మీద కూర్చుంటాం కాబట్టి ‘ఆన్ ది బైక్’. ఎట్లా వచ్చావని అడిగితే మాత్రం ఏ బండికైనా బై సరిపోతుంది. ‘బై బస్, బై ఆటో’ అనాలి. మధ్యలో ‘ది’ గానీ ‘మై’ గానీ రాకూడదు. ‘బై మై బైక్’ అని రాసుకొస్తారు, అది ‘ఆన్ మై బైక్’.

నాకు చాలా రోజులు అర్థం కానిది ఊళ్ల పేర్లతో వచ్చే ఇన్, ఎట్. ఊరికి ఎప్పుడూ ఇన్ పెట్టాలని అనుకునేదాన్ని. హైదరాబాద్ బస్సులో పోతూ ఉంటే ఒకసారి తేలింది. మా చిన్నమ్మ ఉండేది చిట్యాలలో, ఆమె ఇల్లు, వాకిలి, బతుకు అంతా ఆ ఊరి లోపలే. చిట్యాల ఆమెకు గంప. అందుకే ‘షి లివ్స్ ఇన్ చిట్యాల’. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోయే బస్సుకు మాత్రం చిట్యాల దారిలో ఆగే ఒక చుక్క. అందుకే ‘ది బస్ స్టాప్స్ ఎట్ చిట్యాల’. ఊరు అదే, చూసే చూపు మారింది. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోయినట్టే, ఎందుకంటే మాట పెట్టేది వస్తువును చూసి కాదు, మనం ఆ వస్తువును ఎట్లా తలచుకుంటున్నామో దాన్ని చూసి. ‘అరైవ్’ పక్కన కూడా ఇదే లెక్క. స్టేషన్‌కు చేరితే ‘అరైవ్ ఎట్’, హైదరాబాద్ చేరితే ‘అరైవ్ ఇన్’.

అడ్రసులో మూడూ వరసగా వస్తాయి. ఇంటి నంబరు చుక్క, రోడ్డు అరుగు, ఊరు గంప. ‘రిసైడింగ్ ఎట్’ అని ఇంటి నంబరు, ‘ఆన్ హైదరాబాద్ రోడ్’, ‘ఇన్ నల్గొండ’. వీధికి ‘ఇన్ ది స్ట్రీట్’ అని బ్రిటన్ వాళ్లు, ‘ఆన్ ది స్ట్రీట్’ అని అమెరికా వాళ్లు ఎక్కువగా అంటారు. ఏది రాసినా ఎవరూ తప్పు పట్టరు.

కాలానికి కూడా ఇవే బొమ్మలు పనికొస్తాయి. గడియారంలో ముల్లు చూపే గంట చుక్క, రోజు అరుగు, నెల, సంవత్సరం గంపలు. వినోబా భావేకు పోచంపల్లిలో మొదటి భూదానం దక్కిన రోజు 1951 ఏప్రిల్ 18. అప్పుడు అది మన నల్గొండ జిల్లానే. ఏడాది ఒక్కటే చెప్తే ‘ఇన్ 1951’. నెల కలిపినా ‘ఇన్ ఏప్రిల్ 1951’. తేదీ వచ్చిందంటే మాత్రం ‘ఆన్ ఎయిటీన్త్ ఏప్రిల్ 1951’. వెనక నెల, సంవత్సరం ఎన్ని వచ్చినా తేదీ ఉంటే ఆన్ అనే గట్టిగా పట్టుకోండి. పొద్దుటికి ‘ఇన్ ది మార్నింగ్’, సాయంత్రానికి ‘ఇన్ ది ఈవినింగ్’. అదే సోమవారం పొద్దున అంటే ‘ఆన్ మండే మార్నింగ్’. గంపను తెచ్చి అరుగు మీద పెట్టినట్టు, రోజు పేరు వచ్చిందంటే ఆన్ గెలుస్తుంది. రాత్రి ఒక్కటే వేరు, ‘ఎట్ నైట్’. దానికి నా దగ్గర బొమ్మ లేదు, కంఠస్థం చేయాల్సిందే. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందు ఇవేవీ రావు. ‘ఆన్ నెక్స్ట్ మండే’ అని బయోడేటాతో వచ్చే ఉత్తరాల్లో కనిపిస్తూనే ఉంటుంది. ‘నెక్స్ట్ మండే’ చాలు.

‘నుంచి’తోనే ఎక్కువ కాగితాలు చెడుతున్నాయి

వానకాలం వస్తే నా షాపులో రోజుకు పది లీవ్ లెటర్లైనా కొడతా, జ్వరాల కాలం కదా. దిద్దకుండా వచ్చినవాటిల్లో సగానికి సగం ఇట్లా ఉంటాయి: ‘ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్ ఫ్రమ్ టూ డేస్’. తెలుగులో ‘రెండు రోజుల నుంచి జ్వరంతో బాధపడుతున్నా’ అంటాం. ‘నుంచి’ ఉంది కాబట్టి ఫ్రమ్, ‘తో’ ఉంది కాబట్టి విత్. రాసినవాళ్ల తప్పేం లేదు, మాటకు మాట సరిగ్గానే మార్చారు. అట్లా మార్చినందుకే చెడింది.

మనం ‘నుంచి’ అనే చోట ఇంగ్లీషు మొదట అడిగేది ఒకటే. నువ్వు చెప్పేది మొదలైన గడియా, గడిచిన లెక్కా? ఆదివారం, పొద్దున, 2019, దసరా, పెళ్లైన రోజు, ఇవన్నీ మొదలైన గడియలు. వాటికి సిన్స్. రెండు రోజులు, ఐదేళ్లు, చాలా కాలం, ఇవన్నీ లెక్కలు, వేళ్ల మీద ఎంచేవి. వాటికి ఫర్. ‘సిన్స్ సండే’, ‘ఫర్ టూ డేస్’. మన తెలుగు రెండింటికీ ‘నుంచి’ వాడుకుంటుంది కాబట్టి ‘సిన్స్ టూ డేస్’ అనే తప్పు మన చేతికి తేలిగ్గా వస్తుంది. కాలం విషయంలో ఫ్రమ్‌ను ఎక్కడ పెట్టాలంటే, ఇక్కడి నుంచి అక్కడి వరకు అని రెండు కొసలూ చెప్పేటప్పుడు. ‘ఫ్రమ్ నైన్ టు ఫైవ్’. లేదంటే ముందు ముందు మొదలయ్యేదానికి. ‘ఫ్రమ్ టుమారో’.

మాట మార్చినంత మాత్రాన సరిపోదు, దాని ముందున్న క్రియ కూడా మారాలి. పని అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తుంటే ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ కుదరదు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. బయోడేటాలో అనుభవం రాసేచోట ఈ ఒక్క వాక్యం సరిగ్గా ఉంటే చదివేవాళ్లకు మన మీద గురి కుదురుతుంది. ఇప్పటికీ నడుస్తున్న పని పక్కన ఫర్, సిన్స్ కనిపించగానే ‘హావ్ బీన్’ గానీ ‘హాజ్ బీన్’ గానీ ఉందా అని వెనక్కి చూడడం అలవాటు చేసుకోండి.

జ్వరంతో అన్నచోట ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. ఇంగ్లీషువాళ్లకు బాధ జ్వరంలో నుంచి వస్తుంది, మనకు బాధ జ్వరంతో కలిసి ఉంటుంది. ఎవరి బొమ్మ వాళ్లది.

వరకు: నేను చేసిన తప్పు

ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధే. కొన్నేళ్ల కింద దేవరకొండ దిక్కు పల్లె నుంచి ఒక పిల్లగాడు కాలేజీ ఉత్తరం ఒకటి ప్రింట్ తీయించుకోవడానికి వచ్చాడు. తండ్రి కూడా వెంట ఉన్నాడు. ఉత్తరంలో ఏముందో చదివి చెప్పమ్మా అన్నాడు. ఆఫీసు ‘క్లోజ్డ్ అంటిల్ మండే’ అని ఉంది. నేను ‘సోమవారం వరకు బంద్’ అని చెప్పా. సోమవారం కూడా బందేనని వాళ్లు అనుకున్నారు. మంగళవారం పొద్దున బస్సెక్కి పోయారు. ఆ ఉత్తరం ప్రకారం ఆఫీసు సోమవారమే తెరిచారు, ఆ రోజే సీట్లు అయిపోయాయి. పిల్లగాడు ఆ ఏడు ఇంటి దగ్గరే ఉన్నాడు. తండ్రి మళ్లీ వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి వరకు, కల్లా, దాకా, లోపు అనే మాటలు వస్తే ఆగి ఆలోచిస్తున్నా. మన దిక్కు ‘వరకు’ రెండు పనులు చేస్తుంది. ‘ఐదింటి వరకు షాపులనే ఉంటా’ అంటే ఐదు దాకా కూర్చొనే ఉంటా అని. ‘ఐదింటి వరకు కాగితం ఇస్తా’ అంటే ఐదింటికల్లా ఇస్తా అని. మాట్లాడేటప్పుడు మనకు తికమక లేదు, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో ఇవి రెండు వేరువేరు మాటలు. సాగుతూ ఉండే పనికి అంటిల్, ఒక్కసారి జరిగి ముగిసే పనికి బై. ‘ఐ విల్ బి ఇన్ ది షాప్ అంటిల్ ఫైవ్’. ‘ఐ విల్ గివ్ యూ ది పేపర్ బై ఫైవ్’. పరీక్ష పెట్టుకోవాలంటే తెలుగులో ‘కల్లా’ పెట్టి చూడండి. ‘ఐదింటికల్లా ఇస్తా’ కుదిరింది, అయితే బై. ‘ఐదింటికల్లా కూర్చొనే ఉంటా’ కుదరలేదు, అయితే అంటిల్. మా నల్గొండ మాటలో కల్లా తక్కువగా వినిపిస్తుంది గానీ అందరికీ తెలిసిన మాటే, ఈ పరీక్షకు బాగా పనికొస్తుంది.

ఆఖరు తేదీ ఆ రోజును కలుపుకుంటుందా, లేదా అన్న అనుమానం ఇంగ్లీషువాళ్లకూ వస్తుంది. అందుకే బాండ్ పేపర్ మీద రాసే అగ్రిమెంట్లలో వాళ్లు ఉత్త బై మీద ఆధారపడరు. ‘ఆన్ ఆర్ బిఫోర్ ది ఫిఫ్త్ ఆఫ్ ఎవ్రీ మంత్’ అని రాస్తారు. కిరాయి ఐదో తారీఖునైనా ఇవ్వొచ్చు, అంతకు ముందైనా ఇవ్వొచ్చు అని తేటగా తెలుస్తుంది. మీ చేతి రాతలో డబ్బుకు, సీటుకు, ఉద్యోగానికి సంబంధించిన తేదీ ఉంటే ఇదే వాడండి. ఎవరికైనా చదివి చెప్పేటప్పుడు ‘సోమవారం వరకు బంద్’ అనకుండా ‘ఆదివారం చివరి రోజు, సోమవారం తెరుస్తారు’ అని విడమరిచి చెప్పండి. అనుమానముంటే ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.

ఇదే వరసలో ఇంకొకటి. రెండు గంటల్లో వస్తానంటే ‘ఇన్ టూ అవర్స్’, అంటే రెండు గంటలు గడిచాక. రెండు గంటల లోపే వస్తానంటే ‘వితిన్ టూ అవర్స్’. మనవాళ్లు రెండింటికీ వితిన్ రాస్తారు, జాగ్రత్త.

మీద, కింద

భూమి కాగితాలు, కరెంటు బిల్లు, సిమ్ కార్డు దరఖాస్తుల్లో రోజూ దిద్దేది ‘ఆన్ మై నేమ్’. తెలుగులో భూమి నా పేరు మీద ఉంది. ఇంగ్లీషులో అది పేరు లోపల ఉంటుంది, ‘ఇన్ మై నేమ్’. నా మీద కోపంగా ఉన్నాడంటే ‘యాంగ్రీ విత్ మి’. నా మీద కేసు పెట్టాడంటే ‘ఎ కేస్ అగెయిన్స్ట్ మి’. పిల్లల మీద ఖర్చు పెట్టానంటే మాత్రం ‘స్పెంట్ ఆన్ మై చిల్డ్రన్’, ఇది ఒక్కటి మనదానిలాగే ఉంది. చెట్టు మీద పిట్ట కొమ్మల మధ్య కూర్చుంటుంది కాబట్టి ‘ఇన్ ది ట్రీ’, చెట్టుకు వేలాడే మామిడికాయలు ‘ఆన్ ది ట్రీ’. పిల్లలమర్రి కింద నిలబడితే ఈ తేడా బాగా అర్థమవుతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి ఆ మర్రిలో పిట్టలు కొమ్మల లోపలికి పోతే కనపడను కూడా కనపడవు.

‘కింద’ ఇంకా చిక్కు. మా నాన్నకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాలు ఉండేది. మా హాలియా దిక్కు అందరూ అట్లనే అంటారు, కాలువ కింద, బోరు కింద, చెరువు కింద. నేను మొదట్లో ఒక దరఖాస్తులో ‘టూ ఏకర్స్ అండర్ ది కెనాల్’ అని కొట్టా. మన ఇంజనీర్లు ఆయకట్టు గురించి అట్లా రాస్తారు, మన ఆఫీసుల్లో అర్థమవుతుంది. ఈ దేశం తెలియనివాళ్లు చదివితే పొలం కాలువ అడుగున ఉందనుకుంటారు. ‘ల్యాండ్ ఇరిగేటెడ్ బై ది లెఫ్ట్ కెనాల్’ అంటే ఎక్కడివాళ్లకైనా తెలుస్తుంది.

కదలికకు సంబంధించిన మాటలు నేర్చుకోవాలంటే నాగార్జునసాగర్‌కు మించిన పాఠం నాకు తెలియదు. ఒక్క నీటి వెంట నడవండి. డ్యాం కృష్ణ మీద కట్టారు అంటాం గానీ అది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అడ్డంగా ఉంది. అందుకే ‘అక్రాస్ ది కృష్ణా’. నది పై నుంచి పోయే వంతెన ‘ఓవర్ ది రివర్’. వంతెన కింద పారే నీరు ‘అండర్ ది బ్రిడ్జ్’. వరద వస్తే 26 గేట్లలో నుంచి నీరు దూకుతుంది, ఒక వైపు దూరి ఇంకో వైపు తేలే బొమ్మ, ‘త్రూ ది గేట్స్’. కింద నదిలోకి పడుతుంది, బయట నుంచి లోపలికి పోతోంది కాబట్టి ‘ఇంటూ ది రివర్’. నీరు ఇప్పటికే నదిలో ఉంటే ‘ఇన్ ది రివర్’. ఇన్‌కు కదలిక లేదు, ఇంటూకు ఉంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలినప్పుడు ‘ఫ్రమ్ ది రిజర్వాయర్ ఇంటూ ది కెనాల్స్’. ఎడమ కాలువ గట్టు వెంట సైకిల్ మీద పోతే ‘అలాంగ్ ది కెనాల్’. కాలువను దాటి అవతలి చేనుకు పోతే ‘అక్రాస్ ది కెనాల్’. చివరికి నీరు మిర్యాలగూడ పొలాలకు చేరుతుంది, ‘టు ది ఫీల్డ్స్’. చిన్నప్పుడు కాలువకు నీళ్లొచ్చిన రోజు గట్టు మీద పరుగెత్తిన పిల్లను నేను. ఈ మాటలన్నీ ఆ నీటి బొమ్మతోనే నా తలలో నిలిచిపోయాయి. మీకు తెలిసిన నీటిని, మీకు తెలిసిన దారిని పెట్టుకొని మీరూ చేసి చూడండి. జూరాల దిక్కువాళ్లకు జూరాల ఉంది.

ఏమీ పెట్టకూడని చోట్లు

ఇంగ్లీషులో కొన్ని క్రియలు ఎవరి తోడూ అడగవు. తెలుగులో అక్కడ కి, తో, గురించి ఉంటాయి కాబట్టి మనకు చెయ్యి ఆగదు. సమస్య గురించి చర్చించాం అంటాం, ఇంగ్లీషులో ‘డిస్కస్డ్ ది ప్రాబ్లమ్’, అబౌట్ వద్దు. ఊరికి చేరాం అంటాం, ‘రీచ్డ్ ది విలేజ్’, టు వద్దు. మీటింగ్‌కు హాజరయ్యాను, ‘అటెండెడ్ ది మీటింగ్’. ప్రశ్నకు జవాబిచ్చాను, ‘ఆన్సర్డ్ ది క్వశ్చన్’. అతనితో పెళ్లయింది, ‘షి మ్యారీడ్ హిమ్’. పెళ్లై ఉన్న స్థితి చెప్తే ‘మ్యారీడ్ టు హిమ్’, ఎక్కడా విత్ రాదు. ఇంటికి పోయాను, ‘ఐ వెంట్ హోమ్’. గదిలోకి వచ్చాను, ‘ఐ ఎంటర్డ్ ది రూమ్’. అగ్రిమెంట్ చేసుకున్నప్పుడు మాత్రం ‘ఎంటర్డ్ ఇంటూ యాన్ అగ్రిమెంట్’ అనే రాయాలి, బాండ్ పేపర్ మీద అది తీసేయకండి. ఒక వకీలు గారి గుమాస్తా నన్ను ఆపి చెప్పిన సంగతి ఇది.

జంటలుగా రాసుకోండి

బొమ్మ పనిచేయని చోటు కూడా ఉంది. ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’ ఎందుకు, ‘ఇంట్రెస్టెడ్ ఇన్ మ్యాథ్స్’ ఎందుకు అని అడిగితే ఏ చుక్కా, ఏ గంపా జవాబు చెప్పవు. ఇక్కడ ఒక్కటే దారి. మాటను ఒంటరిగా నేర్చుకోకుండా దాని జంటతో నేర్చుకోవాలి. డిపెండ్ అని రాసుకోకండి, ‘డిపెండ్ ఆన్’ అని రాసుకోండి. అఫ్రెయిడ్ అని కాదు, ‘అఫ్రెయిడ్ ఆఫ్’. నా కౌంటర్ కింద పాత డైరీ ఒకటి ఉంది, దాంట్లో నాలుగు వందలకు పైగా జంటలున్నాయి. అన్నీ కాగితాల్లో తప్పొచ్చినవే. ‘వెయిట్ ఫర్’, ‘లిజన్ టు’, ‘రీజన్ ఫర్’, ‘సొల్యూషన్ టు’, ‘డిఫరెంట్ ఫ్రమ్’. ఒక్కో జంట పక్కన మన సొంత వాక్యం ఒకటి రాయాలి. పుస్తకంలోని వాక్యం మర్చిపోతాం, మన ఇంటి వాక్యం మర్చిపోం. ‘వెయిట్ ఫర్’ పక్కన నేను రాసుకున్నది మా అమ్మ మా తమ్ముడి ఫోన్ కోసం ఎదురుచూసే వాక్యం.

ఉద్యోగానికి పెట్టే కాగితంలో ‘అప్లై’కి ఇద్దరు తోడుంటారు. పోస్టుకు ఫర్, కంపెనీకి టు. ‘అప్లైయింగ్ టు యువర్ కంపెనీ ఫర్ ది పోస్ట్ ఆఫ్ అకౌంటెంట్’. ఇంకో కీలకం. ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే దానికి చివర ఇంగ్ కట్టాలి. ‘గుడ్ ఎట్ టైపింగ్’, ‘ఇంట్రెస్టెడ్ ఇన్ వర్కింగ్’. మెయిల్ చివర్లో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాస్తారు. అక్కడి టు ప్రిపొజిషనే కాబట్టి ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’. డిగ్రీ పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్తే ముఖం వెలిగిపోతుంది, ఎందుకంటే దీన్ని వాళ్లు ఎన్నో ఏళ్లుగా తప్పు రాస్తున్నారు.

జంట గుర్తు రాకపోతే ఊహించొద్దు. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఇంగ్లీషు డిక్షనరీల్లో మాట కింద ఏ తోడుతో వాడాలో వాక్యంతో సహా ఇస్తారు. ఇప్పుడు అవి ఫోన్లోనే ఉచితంగా చూడొచ్చు. తెలుగు అర్థం ఒక్కటే ఇచ్చే చిన్న డిక్షనరీలు ఈ పనికి చాలవు.

కాగితం అయిపోయాక ప్రింట్‌కు ఇచ్చే ముందు పెన్సిల్ తీసుకొని చిన్న మాటలకు మాత్రమే సున్నా చుట్టండి. మిగతాది చదవకండి. ఒక్కో సున్నా దగ్గర ఆగి అడగండి: ఇది బొమ్మ చూసి పెట్టానా, జంట గుర్తుండి పెట్టానా, తెలుగు విభక్తిని చూసి పెట్టానా? మూడోది అయితే దాన్ని డిక్షనరీలో చూసి తీరాలి. పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది. నేను ఇప్పటికీ ప్రతి కాగితానికీ చేస్తా.

మొన్న ఒక తల్లి చెప్పగా నేను కొట్టిచ్చిన లెటర్ ఇది. దీని మీద చేసి చూడండి.

‘రెస్పెక్టెడ్ సర్, మై డాటర్, హూ ఈజ్ ఇన్ క్లాస్ ఎయిట్, హాజ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ సండే నైట్. ది డాక్టర్ హాజ్ అడ్వైజ్డ్ హర్ టు రెస్ట్ ఎట్ హోమ్ ఫర్ త్రీ డేస్. ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ హర్ లీవ్ ఫ్రమ్ ట్వెల్త్ టు ఫోర్టీన్త్ జూలై. షి విల్ బి బ్యాక్ ఎట్ స్కూల్ ఆన్ ది ఫిఫ్టీన్త్.’

సున్నాలు తొమ్మిది రావాలి. ‘టు రెస్ట్’, ‘టు గ్రాంట్’ అన్నచోట టు క్రియకు ముందు వచ్చింది, అది ఈ లెక్కలోకి రాదు. పదకొండు వచ్చినవాళ్లు ఆ రెండూ తీసేయండి.